జోజిలాకు వేసిన దారి

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని గారు చేసిన ప్రసంగ పాఠము)



జూబిలీ సంఘంవారు నన్ను ప్రసంగించమని కోరినప్పుడు ఒక షరతు పెట్టారు. పాఠశాల చరిత్రను గురించి చెప్పడానికి ఇప్పటికే ముగ్గురు వక్తలున్నారు కాబట్టి నన్ను ఆ జోలికి పోవద్దన్నారు. మన పాఠశాలలో తొలి గంట మోగిన 1948వ సంవత్సరంలో దేశంలో జరిగిన ఏదైనా ఒక సంఘటనను తీసుకొని పిల్లలకూ పెద్దలకూ తెలిసేటట్లు చెప్పమన్నారు. 1948 అనగానే అందరికీ జనవరి 30వ తేదీ జ్ఞప్తికి వస్తుంది. తెలుగువారికి ఆ సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనం కావడం కూడా జ్ఞప్తికి వస్తుంది. ఆ రెండింటిని గురించీ మీరు ఎంతో విని ఉన్నారు. అంతగా విననిది, మన ఊరితో సంబంధం ఉన్నది, మరొకటి అదే సంవత్సరం నవంబరులో జరిగింది. కాశ్మీరానికీ లడఖ్‌కూ మధ్యనున్న జోజిలా కనుమను మన సైనికులు మంచులో దాటిన వృత్తాంతమది.

ఈ విషయాన్ని ఎంచుకోవడానికి వేరొక కారణం కూడా ఉన్నది. మన పూర్వ విద్యార్థి ఒకరు సైన్యంలో చేరి లడఖ్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నారు. వారి తల్లిగారు కొన్ని నెలల క్రితం వేరే పనిమీద నా గదికి వచ్చి, లేవబోతూ ఒక మాట అడిగారు. "టీచరుగారూ, మావాడు ఫోను చేసినప్పుడల్లా బాగానే ఉందమ్మా, చలి కొంచెమే అంటాడు. సెలవుకు వచ్చినప్పుడు చూస్తే చెవుల అంచులు నల్లబడి ఉన్నాయి. అక్కడ నిజంగా ఎట్లా ఉంటుందో మీరు చదివి నాకు చెప్పగలరా?" అన్నారు. ఆమె ఈ సభలోనే ఉన్నారు. ఆమె అనుమతి తీసుకొనే ఈ మాట చెబుతున్నాను. ఈ ప్రసంగం కొంతవరకు ఆమెకు నేనివ్వవలసిన సమాధానం.

సైనికులను గురించి వ్రాసే ప్రతి వ్యాసంలోను "ఎముకలు కొరికే చలిని లెక్కచేయక" అనే వాక్యం ఒకటి తప్పక కనిపిస్తుంది. మన పిల్లలు కూడా స్వాతంత్ర్య దినోత్సవ వ్యాసరచన పోటీలలో ఏటేటా అదే వాక్యం వ్రాస్తారు, మేము ఏటేటా దానికి మార్కులు వేస్తాము. ఈ ప్రసంగం కోసం చదువుతున్నప్పుడు నాకు ఆ వాక్యం మీద నమ్మకం పోయింది. జోజిలా దగ్గర మనవాళ్ళు చలిని ప్రతి గంటా లెక్కపెట్టారు. ఎన్ని రోజులలో కనుమ మూసుకుపోతుంది, ఎన్ని అడుగుల దారి మిగిలి ఉన్నది, ఎందరి పాదాలు ఇంకా నడవగలవు అని లెక్కపెట్టుకుంటూనే ముందుకు సాగారు. లెక్కచేయని వాడు ఆ కొండమీద మూడు రోజులు బ్రతకడు.

ముందుగా స్థలం ఎట్టిదో చూద్దాము. శ్రీనగరం నుండి సింధ్ నది లోయ వెంట సోనామార్గ్ వరకు పచ్చని బయళ్ళు, దేవదారు చెట్లు. ఆ పైన బాల్తాల్. బాల్తాల్ దగ్గర లోయ అయిపోయి ఎదురుగా గోడ లేచినట్లు కొండ లేస్తుంది. ఆ గోడను రెండు వేల అడుగులకు పైగా ఎక్కితే సుమారు 11,500 అడుగుల ఎత్తున కనుమ. లడఖీ భాషలో "లా" అంటేనే కనుమ. కాబట్టి మనం "జోజిలా కనుమ" అనడం "గోదావరి నది ఏరు" అన్నట్లే. అయినా అలవాటైన మాట కనుక నేనూ అట్లాగే అంటాను. దాటిన తరువాత చెట్టన్నది కనిపించదు. రాయి, గాలి, మంచు. అటువైపు గుమ్రి, మటాయన్, ద్రాస్, కార్గిల్, ఆ తరువాత ఎంతో దూరాన లే పట్టణం. ఆ రోజులలో శీతకాలం ప్రవేశించిందంటే వేసవి వచ్చేదాకా ఈ కనుమ మూతపడేది. నవంబరులో దాటలేకపోతే మళ్ళీ మే నెల మాటే.

ఇక కాలం. 1947 అక్టోబరు 22న కాశ్మీరం మీద దాడి మొదలైంది. 26న మహారాజు విలీన పత్రంపై సంతకం చేశారు. 27 ఉదయం మన దళాలు శ్రీనగరంలో విమానాలు దిగాయి. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నది. ఉత్తరాన లడఖ్, బాల్టిస్తాన్ ప్రాంతాలలో జరిగినది అంతగా ఉండదు. అక్కడ స్కర్దు కోటలో కాశ్మీర సంస్థాన సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ షేర్ జంగ్ థాపా 1948 ఫిబ్రవరి నుండి ఆరు నెలలపాటు ముట్టడిని ఎదిరించి నిలిచారు. సహాయానికి బయలుదేరిన దళాలు దారిలోనే దెబ్బతిన్నాయి. తిండి, మందుగుండు అడుగంటి ఆగస్టు 14న ఆ కోట పడిపోయింది. ఆనాటికే కార్గిల్, ద్రాస్ శత్రువుల వశమయ్యాయి, జోజిలా మీద వారి మరతుపాకులు వెలిశాయి. స్కర్దు పడిందంటే తరువాతి వంతు లే పట్టణానిదని అందరికీ తెలుసు.

లే పట్టణం అంతవరకైనా నిలబడి ఉండడానికి కారకులైన వారిని చెప్పకుండా ముందుకు పోలేను. 1948 ఫిబ్రవరిలో, అంటే నడి శీతకాలంలో, కనుమ మూసి ఉన్న రోజులలో, కెప్టెన్ పృథీ చంద్, కెప్టెన్ ఖుషాల్ చంద్ అనే ఇద్దరు బంధువులు నలభైమంది స్వచ్ఛంద సైనికులను వెంటబెట్టుకొని జోజిలా దాటారు. వారు 2వ డోగ్రా బెటాలియన్‌కు చెందినవారు, పుట్టింది లాహుల్ లోయలో. మంచు వారికి పుట్టినప్పటి నుండి ఇరుగుపొరుగు. మార్చి రెండవ వారంలో వారు లే చేరారు. వారితో వెళ్ళిన సోనమ్ నోర్బు అనే లడఖీ ఇంజనీరు స్థానిక ప్రజల చేత నది ఒడ్డున విమానాలు దిగే చదును నేల సిద్ధం చేయించారు. మే 24వ తేదీన ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని హిమాలయ శిఖరాల మీదుగా నడిపి ఆ నేల మీద దించారు. ఆయన ప్రక్కన కూర్చొని ప్రయాణించినవారు మేజర్ జనరల్ తిమ్మయ్య. మన కొడగు బిడ్డ, మన బెంగుళూరులో చదువుకున్నవారు. తరువాతి రోజులలో మరికొన్ని దళాలు విమానాలలోను, మనాలి వైపు నుండి కాలినడకన కొండలు దాటుకొని వచ్చినవీ ఉన్నాయి. కాని విమానాలతో పట్టణాన్ని కొన్నాళ్ళు నిలపవచ్చునే గాని శీతకాలమంతా పోషించడం ఆనాటి మన విమానాల సంఖ్యతో సాధ్యమయ్యే పని కాదు. దారి కావాలి. దారికి జోజిలా అడ్డం.

సెప్టెంబరు నెలలో 77వ పారా బ్రిగేడు కనుమ మీద దాడులు చేసింది. పటియాలా, గూర్ఖా దళాలవారు రాత్రివేళ ఎక్కారు. రెండువైపులా ఎత్తైన రాళ్ళ సందులలో, గుహలలో పొంచి ఉన్న మరతుపాకుల నుండి గుండ్లు కురిశాయి. ఆ ఇరుకు దారిలో దాక్కోవడానికి చోటు లేదు. దాడి విఫలమైంది. విఫలమైన దాడులను గురించి జూబిలీ సభలలో ఎవరూ చెప్పరు. కాని ఆ రాత్రి ఎక్కి, మిత్రులను మోసుకొని దిగివచ్చినవారే ఆరు వారాల తరువాత మళ్ళీ ఎక్కారు. మొదటిసారి ఎక్కినప్పుడు ఏముందో తెలియదు. రెండవసారి తెలుసు.

అప్పుడు తిమ్మయ్యగారికి కలిగిన ఆలోచన విన్నవారందరికీ వెర్రిగా తోచి ఉండాలి. ట్యాంకులను తెద్దామన్నారు. పదిహేను టన్నుల బరువున్న స్టూవర్ట్ ట్యాంకును గంపెడు మూటతో గాడిద కూడా జారిపడే త్రోవలో, పదకొండు వేల అడుగుల పైకి! అంతవరకు ప్రపంచంలో ఏ సైన్యమూ అంత ఎత్తున ట్యాంకులతో యుద్ధం చేసి ఉండలేదు. శత్రువులు ఊహించనిది అదొక్కటే గనుక అదొక్కటే పనికివస్తుందని ఆయన నమ్మారు. పశ్చిమ సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ కరియప్ప, ఆయనా కొడగువారే, ఆ యోచనకు అండగా నిలిచి దానికి "బైసన్" అని, అంటే అడవి దున్న అని, పేరు పెట్టారు.

ట్యాంకులు 7వ లైట్ కావల్రీ దళానివి. ఆ దళానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ రాజిందర్ సింగ్, స్నేహితులు ముద్దుగా పిలిచే పేరు "స్పారో", అంటే పిచ్చుక. పిచ్చుక నడిపిన అడవి దున్న అని మా పిల్లలు ఇది విని ఎంతో నవ్వారు. ఆ దళం 18వ శతాబ్దంలో మద్రాసు అశ్విక దళంగా పుట్టినదే. జమ్మూ వైపు నుండి ట్యాంకులను, పై భాగాలైన బురుజులు ఊడదీసి, గుడ్డలు కప్పి, దారిలోని బలహీనమైన వంతెనలను బలపరుస్తూ పరమ రహస్యంగా శ్రీనగరం మీదుగా బాల్తాల్ చేర్చారు. బాల్తాల్ దగ్గర ఆగిపోవలసిందే. అక్కడి నుండి దారి లేదు.

ఆ దారి వేసినవారిని గురించి చెప్పాలనే నేను ఈ విషయం ఎత్తుకున్నాను. వారు మద్రాసు సాపర్లు. మన హలసూరు చెరువు గట్టున, మీలో చాలామంది రోజూ బస్సులో దాటిపోయే ఆ పొడవాటి ప్రహరీ గోడ వెనుక ఉన్న దళంవారు. 1780లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడి, తరువాత ఈ దండులో స్థిరపడిన ఆ దళంలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పనిచేస్తారు. సైన్యంలో వారిని "తంబీలు" అని పిలవడం ఆనవాయితీ. తెలుగు జిల్లాల నుండి వెళ్ళినవాడు కూడా అక్కడ తంబీయే. మన పాఠశాలలో చదివిన పిల్లలలో సాపర్ల ఇళ్ళ నుండి వచ్చినవారు ప్రతి తరంలోను ఉన్నారు.

మేజర్ తంగరాజు నాయకత్వంలో ఆ సాపర్లు బాల్తాల్ నుండి కనుమ దాకా ఉన్న కంచరగాడిదల త్రోవను ట్యాంకు పట్టే దారిగా వెడల్పు చేయడానికి ఉపక్రమించారు. ఒకవైపు కొండ, మరొకవైపు అగాధం. రాతిలో తూట్లు వేయడం, మందు దట్టించి పేల్చడం, పగిలిన రాయిని తొలగించడం, మళ్ళీ తూట్లు వేయడం. పై నుండి శత్రువుల కాల్పులు. నిలబడి సమ్మెట ఎత్తినవాడు ఎదురు కాల్పులు జరపలేడు, పరుగెత్తి దాక్కోలేడు. తుపాకి చేతిలో ఉన్న సైనికుడికి కనీసం ఎదిరించే అవకాశం ఉంటుంది. గునపం చేతిలో ఉన్నవాడికి తన పని పూర్తి చేయడం తప్ప వేరే రక్షణ లేదు. ఈ రెండవ రకపు ధైర్యానికి మన భాషలో తగిన పేరు నాకు దొరకలేదు. శౌర్యమనీ పరాక్రమమనీ మనకు ఎన్నో మాటలున్నాయి. అవన్నీ కత్తి చుట్టూ అల్లుకున్నవే.

భాష మాట వచ్చింది కాబట్టి మరొకటి చెబుతాను. ఆ సాపర్లలో చాలామంది అంతకుముందు మంచును చూసి ఉండరు. మనకు "మంచు" అనేది ఒకే మాట. గడ్డి మీద మెరిసే బిందువూ మంచే, సంక్రాంతి ఉదయాన ఊరిని కప్పే పొగా మంచే, బండి మీద అమ్మే గడ్డా మంచే, హిమాలయాల మీద పేరుకొనేదీ మంచే. ఆకాశం నుండి చప్పుడు లేకుండా రాలి, దారిని మూసి, రాత్రికి రాత్రి మనిషి నడుము దాకా లేచే దానికి మన పల్లెలలో వేరే పేరు పెట్టవలసిన అవసరం రాలేదు. అవసరం లేని దేశం నుండి వెళ్ళినవారు వారు.

ఇక ఆ తల్లిగారి ప్రశ్నకు వస్తాను. అమ్మా, చలి ఎట్లా ఉంటుందంటే ఇట్లా ఉంటుంది.

ఆ ఎత్తున గాలి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. నాలుగడుగులు వేగంగా వేస్తే రొప్పు వస్తుంది. ఎక్కడ ఎంత గాలి తక్కువో అక్కడ నీరు అంత తక్కువ వేడికే మరుగుతుంది. ఇక్కడ 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు అక్కడ 90 డిగ్రీలైనా రాకముందే మరిగిపోతుంది. మన అన్నం ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా లోపల పలుకు మిగిలే ఉంటుంది. దక్షిణాది సైనికుడికి ఇది చిన్న కష్టం కాదు. తుపాకిలో వేసే నూనె చిక్కబడి యంత్రం మొరాయిస్తుంది. చెమట పట్టేటట్లు పనిచేయకూడదు, చేసిన చెమట లోపలి బట్టలలోనే గడ్డకడుతుంది. పనిచేయకుండా నిలబడనూ కూడదు, రక్తం చేతివ్రేళ్ళ నుండి, కాలివ్రేళ్ళ నుండి వెనుదిరుగుతుంది. మంచుకాటు మొదట నొప్పి పెడుతుంది, తరువాత నొప్పి ఆగిపోతుంది. భయపడవలసింది ఆ ఆగిపోయినప్పుడే. మొద్దుబారిన వ్రేలు తెల్లబడి, తరువాత నల్లబడుతుంది. అప్పటికి చాలాసార్లు దానిని కోసివేయడం తప్ప మార్గం ఉండదు. కాటు తగిలిన చోట మంచుతో రుద్దాలని పూర్వం నమ్మేవారు. అది తప్పని, రుద్దితే చర్మం మరింత పాడవుతుందని, గోరువెచ్చని నీటిలో త్వరగా వేడి చేయాలని తరువాతి వైద్యులు తేల్చారు.

సాపర్ దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన మా ఎనిమిదవ తరగతి విద్యార్థినికి తాతగారు. జోజిలా యుద్ధం నాటికి ఆయన పుట్టనే లేదు. ఆ తరువాత చాలా కాలానికి లడఖ్ దారులలో పనిచేశారు. ఆయనను తరగతికి పిలిపించి మాట్లాడించాము. పిల్లలు తుపాకుల గురించి అడిగారు. ఆయన గునపం గురించి చెప్పారు. "తెల్లవారుజామున గునపాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకూడదమ్మా. ఇనుము చర్మాన్ని పట్టేస్తుంది. లాగితే చర్మం దానికే ఉండిపోతుంది. కొత్తగా వచ్చిన తంబికి మేము మొదట నేర్పేది అదే" అన్నారు. రాత్రి పడుకోబోయే ముందు జంటలో ఒకడి పాదాలను రెండవవాడు చూడాలట. తన పాదాలు తను చూసుకుంటే బాగానే ఉన్నాయని అనిపిస్తుందట, ప్రక్కవాడు చూస్తేనే నిజం చెబుతాడట. తడిసిన మేజోళ్ళను కడుపు మీద పెట్టుకొని పడుకొంటే తెల్లవారేసరికి ఆరుతాయట. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. నాకు ఆనాడు తోచినది ఏమిటంటే, ఓర్పు అనేదాన్ని మనం మనసుకు సంబంధించిన గొప్ప గుణంగా చెప్పుకుంటాము గాని అక్కడ అది మేజోళ్ళతో, పాదాలతో, ప్రక్కవాడితో నడిచే నిత్యకృత్యం.

అక్టోబరులో తలపెట్టిన దాడి మంచు తుపానుల వలన వాయిదా పడుతూ వచ్చింది. వేసిన దారి మీద మంచు కప్పడం, మళ్ళీ తవ్వడం. ఒక్కొక్క రోజు గడిచిన కొద్దీ కనుమ మూతపడే రోజు దగ్గరవుతున్నది. ఇంకొక్క పెద్ద తుపాను వస్తే ఆ సంవత్సరానికి అంతా ముగిసినట్లే. ఆ నిరీక్షణ ఎట్టిదో పరీక్ష ఫలితాల కోసం వేచి ఉన్నవారికి కొంత తెలుస్తుందని అనబోయి మానుకున్నాను. దానికీ దీనికీ పోలిక లేదు.

1948 నవంబరు 1వ తేదీ. ఆ నాడు ఆశ్వయుజ అమావాస్య. మన ఇళ్ళలో దీపావళి దినాలు. ఇక్కడ మన పాఠశాల తొలి తరగతి పిల్లలు మతాబులు కాల్చుకుంటున్న రోజులలో, అక్కడ మంచు కురుస్తుండగా, మధ్యాహ్నం దాటిన తరువాత ట్యాంకులు కనుమ ఎక్కాయి. ముందు నడిచిన ట్యాంకులో డివిజన్ అధిపతి అయిన తిమ్మయ్యగారే ఉన్నారు. ఒక మేజర్ జనరల్ అక్కడ ఉండవలసిన అవసరం యుద్ధశాస్త్రం ప్రకారం లేదని విమర్శించినవారూ ఉండవచ్చు. పైకి వెళ్ళమని తాను ఆజ్ఞాపించిన దారి నిలుస్తుందని తనకు నమ్మకం ఉన్నదని చెప్పడానికి ఆయనకు తోచిన పద్ధతి అది. ట్యాంకుల చప్పుడు విన్న శత్రువులకు తమ చెవుల మీద నమ్మకం కలిగి ఉండదు. గుహల నోళ్ళ మీద ట్యాంకులు సూటిగా గుండ్లు పేల్చాయి. వెనుక పటియాలా, గూర్ఖా, రాజపుత్ దళాలు ఎక్కాయి. సెప్టెంబరులో రక్తం చిందించినా దక్కని కనుమ ఆ సాయంకాలానికి దక్కింది.

కథలైతే ఇక్కడ ముగుస్తాయి. యుద్ధం ముగియలేదు. నిజానికి కష్టమంతా ఆ తరువాతే. ఎదుట గుమ్రి మైదానం, మటాయన్, అటుపైన ద్రాస్. ఈనాటికీ దేశంలో మనుషులు నివసించే అత్యంత శీతల ప్రదేశాలలో ద్రాస్ ఒకటి. రాత్రివేళ చలి సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయేది. సరియైన శీతకాలపు దుస్తులు, బూట్లు అందరికీ లేవు. పింద్రాస్ దగ్గర శత్రువులు ఎత్తైన కొండలను పట్టుకొని కొన్నాళ్ళు అడ్డగించారు. తుపాకి గుండు తగిలినవారితో పాటు మంచుకాటు తగిలినవారినీ వెనుకకు మోసుకురావలసి వచ్చింది. మోసేవాడికీ అదే చలి. నవంబరు నడిమికి ద్రాస్, నాలుగవ వారానికి కార్గిల్ చేతికి వచ్చాయి. లే వైపు నుండి బయలుదేరిన దళాలు కార్గిల్ దగ్గర వీరితో కలిశాయి. లే పట్టణానికి దారి తెరుచుకున్నది. 1949 జనవరి 1 నుండి కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. ఆ నవంబరులో దాటి ఉండకపోతే విరమణ రేఖ ఎక్కడ గీయబడేదో పటం చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఎదుటి ప్రక్షాన ఉన్నవారిని గురించి కూడా ఒక మాట. పిల్లలకు యుద్ధం చెప్పేటప్పుడు అటువైపు మనుషులు లేనట్లు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. గిల్గిత్ కొండలలో పుట్టి పెరిగిన అక్కడి స్కౌట్లు ఆ రాళ్ళను, ఆ చలిని మనవారికంటె బాగా ఎరిగినవారు, గట్టిగా పోరాడినవారు. వారి పాదాలనూ మంచు అట్లాగే కరిచి ఉంటుంది. స్కర్దు కోట పడిన తరువాత అక్కడి సైనికులకు జరిగిన అన్యాయాన్ని నేను మరువమనడం లేదు. షేర్ జంగ్ థాపా యుద్ధఖైదీగా ఉండి బ్రతికి వచ్చారు. ఆయన అనుచరులలో చాలామందికి ఆ భాగ్యం కలుగలేదు. ఇవి రెండూ చెప్పినప్పుడే చెప్పినది చరిత్ర అవుతుందని నా అభిప్రాయం. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు.

షేర్ జంగ్ థాపా, పృథీ చంద్, ఖుషాల్ చంద్, మెహర్ సింగ్, రాజిందర్ సింగ్, వీరందరికీ మహావీర చక్ర పురస్కారం లభించింది. తిమ్మయ్యగారు 1957లో భారత సైన్యాధిపతి అయ్యారు. ఆయన పేరు ఈ ఊరి వీధులలోనే వినిపిస్తుంది. సమ్మెట పట్టిన తంబీల పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోను కనిపించలేదు. దారి వేసినవాడి పేరు దారి మీద ఉండదు. మన పాఠశాల భవనానికి దాతల పేర్లతో శిలాఫలకం ఉన్నది, మంచిదే. పునాది రాళ్ళు మోసిన మేస్త్రీల పేర్లు ఎవరికైనా తెలుసునా అని ఇంతకుముందు మాట్లాడిన పూర్వ విద్యార్థులను అడగాలనుకున్నాను. ఒకరికి తెలిసింది. ఆ పేర్లను ఈ సంచికలో అచ్చు వేయాలని పాలకవర్గంవారిని ఈ వేదిక మీది నుండే కోరుతున్నాను.

1962 నవంబరులో రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్, ఆయన కంపెనీ వీరులు చివరి గుండు దాకా పోరాడి మంచులోనే ఉండిపోయారు. వారి దేహాలు మరుసటి సంవత్సరంగాని దొరకలేదు. 1984 నుండి సియాచిన్ హిమానీనదం మీద ఏడాది పొడుగునా మన సైనికులు ఉంటున్నారు. అక్కడ తుపాకి గుండ్లకంటె చలి, హిమపాతాలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. వీటిలో ఏ ఒక్కదానికైనా వేరే ప్రసంగం కావాలి. ఇప్పటి సైనికులకు మంచి దుస్తులు, వైద్యం, ఆ ఎత్తుకు శరీరాన్ని మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతులు ఉన్నాయని ఆ తల్లిగారికి నేను చెప్పగలను. చలి పోయిందని చెప్పలేను. కుమారుడు "కొంచెమే" అన్నప్పుడు అబద్ధమాడుతున్నాడని అనుకోకండమ్మా. అక్కడ దానిని కొంచెం కొంచెంగానే భరిస్తారు కనుక ఆ మాట కూడా నిజమే.

జోజిలా క్రింద సొరంగం తవ్వే పని 2020 అక్టోబరులో మొదలయింది. సుమారు 13 కిలోమీటర్ల పొడవు గల ఆ సొరంగాన్ని తవ్వే పనిని చేపట్టినది మన హైదరాబాదు సంస్థ. శీతకాలంలో కూడా వాహనాలు ఆగకుండా పోవాలన్నది దాని ఉద్దేశం. అక్కడి పనివారు కూడా ఆ చలిలోనే రాయి తొలుస్తున్నారు.

మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు శ్రీనగరం నుండి లే వరకు గల దారిని మట్టితో, సున్నంతో నమూనాగా చేసి క్రింది వరండాలో ఉంచారు. బాల్తాల్ దగ్గరి ఏటవాలును కొలతల ప్రకారం చేయబోతే మట్టి నిలవక రెండుసార్లు జారిపోయిందట. మూడవసారి నిలిచింది. భోజనాలకు వెళ్ళే దారిలోనే ఉన్నది, తప్పక చూడండి, పిల్లలను ప్రశ్నలు అడగండి. అప్పుడే వేసిన సున్నం గనుక ముట్టుకోవద్దని వారు మరీమరీ చెప్పమన్నారు.